ఎత్తు కాదు, మలుపే అడ్డు: కొత్త ఇంట్లో నెట్, టీవీ, కెమెరా కేబుళ్లకు నిలువు పైపు

స్లాబ్ పోయడానికి ముందు సెంట్రింగ్ మీద ఎలక్ట్రీషియన్ పైపులు పరుస్తున్నప్పుడు ఇంటివాళ్ల ధ్యాసంతా ఫ్యాన్ల మీద, ఏసీ పాయింట్ల మీద ఉంటుంది. ఇంటర్నెట్ కేబుల్ సంగతి గృహప్రవేశం అయ్యాక, పై గదిలో వీడియో కాల్ మాటిమాటికీ తెగిపోతున్నప్పుడు గుర్తొస్తుంది. అప్పటికి పుట్టీ, రంగులు అన్నీ అయిపోయి ఉంటాయి. ఇక మిగిలేది కిటికీ సందులోంచి కేబుల్ లాగి గోడ వెంట మేకులు కొట్టుకుంటూ పోవడమే.

మన ఇళ్లలో ఈ ఇబ్బంది అడ్డంగా కంటే నిలువుగా ఎక్కువ. ఐదంగుళాల కాంక్రీటు, అందులో ఇనుప చువ్వల జాలీ. వైఫై తరంగాలు ఇటుక గోడను దాటినంత తేలిగ్గా స్లాబ్‌ను దాటలేవు. వేగం ఎక్కువిచ్చే 5 గిగాహెర్ట్జ్ తరంగాలైతే 2.4 గిగాహెర్ట్జ్ వాటికంటే ఇంకా త్వరగా నీరసిస్తాయి. అందుకే ప్రతి అంతస్తులోనూ ఒక వైఫై పరికరం పెట్టి, వాటన్నిటినీ తీగతో కలపడం నమ్మకమైన పద్ధతి అంటారు. ‘ఇప్పుడు మెష్ వైఫై వచ్చింది కదా, తీగలెందుకు’ అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో నిజముంది: మెష్ పరికరాలు ఒకదానితో ఒకటి గాలిలోనే మాట్లాడుకుంటాయి, చిన్న ఇంటికి అవి చాలు. కానీ ఆ మాటలు కూడా స్లాబ్‌ను దాటే వెళ్లాలి. మెష్‌నే తీగతో కలిపితే అది ఇంకా బాగా పనిచేస్తుంది.

ప్రభుత్వాల చూపు కూడా ఇటు మళ్లింది. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2016 నాటి నమూనా భవన నిబంధనలకు 2022లో ఒక అనుబంధం చేర్చి, భవనం లోపలి డిజిటల్ సదుపాయాలను అందులోకి తెచ్చింది. డిజిటల్ కనెక్టివిటీని బట్టి భవనాలకు నక్షత్రాల రేటింగ్ ఇచ్చే నిబంధనలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో ప్రకటించింది. వీటి గురి ప్రధానంగా పెద్ద భవనాల మీదే. సొంత ఇల్లు కట్టుకునేవాళ్లకు మాత్రం ప్రశ్న చిన్నగా కనిపిస్తుంది: కింది నుంచి డాబా దాకా ఏ సైజు పైపు, ఎన్ని, ఏ దారిలో? జవాబు అంత చిన్నది కాదు.

తక్కువ వోల్టేజీ అంటే ఇక్కడ ఏ కేబుళ్లు

1956 నాటి భారత విద్యుత్ నియమాల లెక్కలో 250 వోల్టుల లోపు అంతా లో వోల్టేజీయే. అంటే ఇంటి ప్లగ్గులోని 230 వోల్టులు కూడా అందులోకే వస్తాయి. ఇళ్ల పనిలో లో వోల్టేజీ కేబుళ్లు అన్నప్పుడు ఉద్దేశం అది కాదు. ఇంటర్నెట్‌కు వాడే క్యాట్ 6, డిష్ టీవీకి వాడే ఆర్‌జీ 6, సీసీ కెమెరాల తీగలు, కాలింగ్ బెల్ కెమెరా తీగ, ఇవన్నీ కలిపి ఆ మాట అంటారు. ఫైబర్ కేబుల్‌లో విద్యుత్తే ఉండదు గానీ, పోయేది ఇదే దారిలో కాబట్టి దాన్నీ ఇందులోనే కలుపుతారు. క్యాట్ 6 తీగ ద్వారానే కెమెరాకు కరెంటు కూడా పంపే పద్ధతిని పీఓఈ అంటారు. అందులోనూ వోల్టేజీ 57 దాటదు.

కండ్యూట్ అంటే ఈ తీగలు పోయే పీవీసీ పైపు. మన దగ్గర దాన్ని బయటి వ్యాసంతో పిలుస్తారు: 20, 25, 32 మిల్లీమీటర్లు. లోపల ఖాళీ అంతకంటే తక్కువే. మీడియం రకంలో సుమారుగా 17, 21.4, 28 మిల్లీమీటర్లు దొరుకుతుంది. ఎన్ని తీగలు పడతాయో లెక్క వేసేటప్పుడు పైపు పేరులోని అంకె కాకుండా ఈ లోపలి కొలతే పట్టుకోవాలి.

బరువు ఎంత, రాపిడి ఎంత

నిలువు పైపు అనగానే చాలామందికి వచ్చే భయం, కేబుల్ తన బరువుకే సాగి తెగిపోతుందేమోనని. లెక్క చూస్తే అది పెద్ద భయం కాదు. క్యాట్ 6 కేబుల్ మీటరుకు 40 నుంచి 45 గ్రాములు తూగుతుంది. కింది అంతస్తు నుంచి రెండంతస్తులు దాటి డాబాకు పది మీటర్లనుకుంటే అరకిలో కూడా రాదు. ఆ కేబుల్‌ను లాగేటప్పుడు దాటకూడని బలం 110 న్యూటన్లు, అంటే సుమారు 11 కిలోలు. అమెరికా విద్యుత్ కోడ్ కూడా నిలువు పైపులో సన్నటి రాగి కరెంటు వైర్లకు 100 అడుగులకోసారి ఆధారం ఇవ్వమంటుంది. పదో అంతస్తు, పదిహేనో అంతస్తు ఉన్న అపార్టుమెంట్లలో ఇది పట్టించుకోవాల్సిన సంగతి. మూడంతస్తుల ఇంటికి పై చివర బాక్సులో ఒక క్లిప్పు బిగిస్తే సరిపోతుంది.

అసలు శత్రువు మలుపు. ఎద్దు తాడును గుంజకు రెండు చుట్లు తిప్పితే చిన్న పిల్లవాడు కూడా ఎద్దును ఆపగలడు. పైపు వంపులో కేబుల్‌కు జరిగేదీ అదే. తాడు వంగిన ప్రతి చోటా రాపిడి బలాన్ని కలపదు, గుణిస్తుంది. పొడి పైపులో రాపిడి గుణకం 0.5 అనుకుంటే, ఒక్కో 90 డిగ్రీల వంపు దగ్గర లాగే బలం దాదాపు 2.2 రెట్లవుతుంది. కేబుల్ డబ్బాలోంచి బయటికి రావడానికి అరకిలో బలం పట్టిందనుకుందాం. మొదటి వంపు తర్వాత 1.1 కిలోలు. రెండో వంపు తర్వాత 2.4. మూడో వంపుకు 5.3. నాలుగో వంపు దాటేసరికి 11.6 కిలోలు, అంటే హద్దు దాటిపోయింది. కేబుల్ జారడానికి వాడే జెల్ రాసి రాపిడిని సగానికి తగ్గిస్తే అవే నాలుగు వంపులకు 2.4 కిలోలే చాలు.

టెలికాం కేబుళ్ల దారులకు అంతర్జాతీయంగా వాడే ప్రమాణాలు రెండు లాగుడు బాక్సుల మధ్య రెండు 90 డిగ్రీల వంపులకు మించవద్దని చెప్పేది అందుకే. లాగుడు బాక్సు అంటే మధ్యలో కేబుల్‌ను బయటికి తీసి మళ్లీ లోపలికి పంపడానికి గోడలో పెట్టే మామూలు జంక్షన్ బాక్సు. అక్కడ బలం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

పై నుంచి కిందికి లాగాలా, కింది నుంచి పైకి లాగాలా అన్న వాదన కూడా ఈ లెక్కతోనే తేలుతుంది. పది మీటర్ల నిలువు పైపు, కింద ఒక వంపు, పైన ఒక వంపు. డాబా మీద నిలబడి పైకి లాగితే: అరకిలో కింది వంపులో 1.1 అయింది, కేబుల్ బరువు 0.45 కలిసి 1.55, పై వంపు దాటేసరికి 3.4 కిలోలు. అదే కేబుల్‌ను డాబా మీద నుంచి వదులుతూ కింద లాగితే: పై వంపులో 1.1, బరువు మనవైపే ఉంది కాబట్టి 0.45 తగ్గి 0.65, కింది వంపు దాటాక 1.4 కిలోలు. కేబుల్ అదే, పైపు అదే, శ్రమ సగం కంటే తక్కువ. కేబుల్ డబ్బాను పైకి మోసుకెళ్లడం బద్ధకమనిపించి చాలాచోట్ల కింది నుంచే లాగుతారు. ఒకట్రెండు తీగలకు ఫర్వాలేదు గానీ, ఆరు తీగలు ఒకేసారి లాగితే ఆ తేడా చేతులకు తెలుస్తుంది.

ఒక పైపులో ఎన్ని తీగలు

పైపు లోపలి వైశాల్యంలో 40 శాతం దాకా నింపవచ్చన్నది మూడు, అంతకంటే ఎక్కువ తీగలకు వాడే లెక్క. క్యాట్ 6 వ్యాసం 6 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. 20 పైపులో వైశాల్యం 227. అందులో 40 శాతం 91. మూడు తీగలు పడతాయి. 25 పైపులో ఐదు, 32 పైపులో ఎనిమిది.

కాగితం మీద మూడు పట్టిన ఆ 20 పైపులో ఒక ఇరకాటం ఉంది. పైపు లోపలి వ్యాసాన్ని తీగ వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె 2.8కి, 3.2కి మధ్య ఉంటే, మూడు తీగలు వంపు దగ్గర పక్కపక్కనే ఒకే వరుసలో చేరి పైపుకు అడ్డంగా బిగుసుకుపోయే అవకాశం ఉంది. లావు కరెంటు కేబుళ్లు లాగేవాళ్లకు ఇది పాత విషయమే. మన 20 పైపుకు ఆ అంకె 17ను 6తో భాగిస్తే 2.83. సరిగ్గా ఆ హద్దులోనే పడింది. మూడు క్యాట్ 6 తీగలకు 20 పైపు చాలునని లెక్క చెప్పినా, లాగేవాళ్లు వద్దనడానికి ఇదొక కారణం.

ఇప్పుడు నిజంగా ఒక ఇల్లు తీసుకుందాం. కింద మోడెమ్. మొదటి అంతస్తుకు రెండు క్యాట్ 6 తీగలు, రెండో అంతస్తుకు రెండు, డాబా మీద రెండు కెమెరాలకు రెండు. డిష్ నుంచి కింది హాలుకు ఒక ఆర్‌జీ 6, దాని వ్యాసం 7 మిల్లీమీటర్లు. మొత్తం 208 చదరపు మిల్లీమీటర్లు. 25 పైపు హద్దు 144, చాలదు. 32 పైపు హద్దు 246, సరిపోతుంది కానీ రేపటికి మిగిలేది ఒక్క తీగ చోటు. రెండు 25 పైపులైతే 288.

ఇక్కడే అభిప్రాయాలు రెండుగా చీలతాయి. ఒకే పెద్ద పైపు చాలనేవాళ్లు పని తక్కువ, బాక్సులు తక్కువ అంటారు. చిన్న పైపులు కావాలనేవాళ్లు, తీగలకు రెండు వేసి మూడోది ఖాళీగా ఉంచడమే అసలు లాభమంటారు. నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. తీగలున్న పైపులోకి కొత్త తీగ లాగితే లాగే తాడు పాత తీగల తొడుగును కోసే ప్రమాదముంది. ఖాళీ పైపుకు ఆ బాధ లేదు. కేబుల్ పదేళ్లకో పదిహేనేళ్లకో మారుతుంది. పైపు ఇల్లున్నంత కాలం ఉంటుంది.

తీగల సంఖ్యనే తగ్గించే దారి కూడా ఉంది. ప్రతి అంతస్తులో ఒక నెట్‌వర్క్ స్విచ్ (ఒక తీగను పలు పరికరాలకు పంచే పెట్టె) పెడితే అంతస్తుకు ఒక్క తీగ చాలు. కానీ ఆ స్విచ్‌కు కరెంటు కావాలి, ఇన్వర్టర్ లైను కావాలి, అది పాడైతే పై అంతస్తు మొత్తం ఆగుతుంది. అన్ని తీగలూ కిందికే వస్తే చెడింది వెతకడం సులువు. ఏది మేలన్నది ఇంట్లో ఎందరుంటారు, పై వాటా అద్దెకిస్తారా అన్నదాన్ని బట్టి మారుతుంది. అద్దెకిచ్చే వాటాకు వేరే పైపు, వేరే కనెక్షన్ ఉండటం ఇద్దరికీ సుఖం.

బీము దగ్గర వచ్చే చిక్కు

ప్లాను మీద నిలువు గీత గీయడం తేలిక. కట్టడంలో గోడ సాధారణంగా బీము కింద ఉంటుంది, పై అంతస్తు గోడ ఆ బీము మీదే లేస్తుంది. గోడలో గాడి కొట్టుకుంటూ పైకి వెళ్తే బీము అడుగు తగులుతుంది. పోసిన బీమును చెక్కితే చువ్వలు బయటపడతాయి, ఇల్లు మోసే భాగం బలహీనమవుతుంది. అందుకే నిలువు పైపు నిర్ణయం ప్లాస్టరింగ్‌కు ముందు కాదు, స్లాబ్ పోయడానికి ముందే జరగాలి. ఇంజినీరు ఒప్పుకున్న చోట బీములో ముందే పైపు ముక్క నిలబెట్టి కాంక్రీటు పోయడం ఒక పద్ధతి. బీము పక్కన స్లాబ్‌లో రంధ్రం ఉంచి, పైపును గోడ మూలలోకి తేవడం ఇంకోటి. రెండో దాంట్లో బీము దాటడానికి రెండు వంపులు అదనంగా పడతాయి. పై లెక్క గుర్తుంటే ఆ రెండు వంపుల ధర తెలుస్తుంది: లాగే బలం దాదాపు ఐదు రెట్లు. అక్కడొక బాక్సు పెడితే ఆ ధర తగ్గుతుంది.

గోడ మందం కూడా హద్దు పెడుతుంది. ఇటుక కట్టడాలకు సంబంధించిన ఐఎస్ 1905 ప్రకారం నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు దాటకూడదు; అడ్డ గాడి ఆరో వంతు దాటకూడదు. తొమ్మిదంగుళాల గోడలో నిలువుగా 76 మిల్లీమీటర్లు దొరుకుతాయి, ఏ పైపైనా పడుతుంది. నాలుగున్నర అంగుళాల గోడలో దొరికేది 38. 32 పైపు పెడితే దాని మీద కప్పడానికి మిగిలేది 6 మిల్లీమీటర్లు. ఆ గీత వెంట ప్లాస్టర్ పగులు వస్తుంది. పెద్ద పైపుకు బయటి గోడ, లేదా లోపలి గోడకు రెండు చిన్న పైపులు అన్న పట్టింపు ఇక్కడి నుంచే వచ్చింది. అదే గోడలో అడ్డంగా కొడితే 19 మిల్లీమీటర్లే. 20 పైపుకు కూడా చోటు లేదు. అడ్డ దారులు స్లాబ్‌లో పోవడానికి ఇదీ ఒక కారణం.

స్లాబ్‌లో వేసిన పైపులకు పెద్ద ముప్పు కాంక్రీటు పాలు. రెండు పైపులను కలిపే కాలర్ దగ్గర అతికించే సొల్యూషన్ సరిగా రాయకపోయినా, పైకి నిలబెట్టిన మూతి తెరిచి ఉన్నా సిమెంటు నీళ్లు లోపలికి కారి గడ్డకడతాయి. నిలువు పైపులో అవి నేరుగా కింది వంపులోకే చేరతాయి. మూడు నెలల తర్వాత తీగ లాగడానికి స్ప్రింగు తోస్తే ఆగిపోయేది అక్కడే. మూతికి బిరడా, లోపల నైలాన్ తాడు: ఈ రెండింటి ఖర్చు పైపు ధరలో లెక్కలోకి రాదు. నైలాన్ తాడుకు బదులు బైండింగ్ వైరు వదిలితే తుప్పు పట్టి తెగుతుంది. పైపు తిన్నగా ఉంటే తాడు తర్వాతైనా దింపవచ్చు, దారానికి ఒక నట్టు కడితే బరువే దాన్ని కిందికి తీసుకెళ్తుంది.

ముడతల పైపు సంగతి. తీసుకెళ్లడం సులువు, ఎటైనా వంగుతుంది, కాలర్లు అక్కర్లేదు. కానీ ముడతలు కేబుల్‌ను పట్టుకుంటాయి, కాంక్రీటు పోసేటప్పుడు కాలు పడితే నొక్కుకుపోతాయి, ఇష్టమొచ్చినట్టు వంగుతుంది కాబట్టి ఎన్ని వంపులున్నాయో ఎవరికీ తెలియదు. ఫాల్స్ సీలింగ్ పైన అది మంచిదే. నిలువు దారికి గట్టి పైపు, పొడవాటి బెండ్లు మేలు. నీళ్ల పైపుల ఎల్బో అసలు పనికిరాదు. క్యాట్ 6 వంపు వ్యాసార్ధం తీగ వ్యాసానికి నాలుగు రెట్లు, అంటే 25 మిల్లీమీటర్లు అయినా ఉండాలి, ఎల్బో లోపలి మూల అంతకంటే పదును.

కరెంటు వైర్ల పక్కన పోవచ్చా

ఒకే పైపులో కలిపి లాగకూడదన్నదానిపై వాదన లేదు. కరెంటు వైరు తొడుగు ఎక్కడైనా చిరిగితే 230 వోల్టులు రూటర్‌కు, దాన్ని పట్టుకున్న మనిషికి చేరతాయి. పక్కపక్క పైపుల్లో వేస్తే ఎంత దూరం ఉండాలన్న దగ్గర మాటలు తేడాగా ఉంటాయి. అడుగు దూరం తప్పనిసరి అని కొందరు, అసలు అక్కర్లేదని కొందరు.

క్యాట్ 6లో తీగలు జంటలుగా మెలిపెట్టి ఉంటాయి. బయటి నుంచి వచ్చే అలజడి రెండు తీగల మీదా సమానంగా పడి రద్దవుతుంది. కరెంటు 50 హెర్ట్జ్, డేటా కోట్ల హెర్ట్జ్. కాబట్టి పది మీటర్ల ఇంట్లో రెండు పైపులు అరడుగు దూరంలో పోతే నెట్ వేగం పడిపోవడం అరుదు. మోటారు, లిఫ్టు, ఇన్వర్టర్ లైన్లు వేరే సంగతి. అవి ఆన్ అయిన క్షణంలో పుట్టే అలజడి విస్తారమైనది. అడుగు దూరం అనేవాళ్లు ఆ చెడ్డ పరిస్థితికి సిద్ధపడుతున్నారు, అక్కర్లేదనేవాళ్లు మామూలు రోజును చూస్తున్నారు. కొత్త ఇంట్లో గోడలు ఇంకా ఖాళీగా ఉన్నప్పుడు అడుగు దూరం ఉచితంగానే దొరుకుతుంది. రెండు దారులు దాటాల్సిన చోట లంబంగా దాటితే పక్కపక్కనే ఉండే పొడవు అంగుళాలకు తగ్గుతుంది.

అమెరికా వీడియోలు చెప్పేది ఎంతవరకు మనకు

ఈ విషయం మీద యూట్యూబ్‌లో దొరికే వీడియోల్లో ఎక్కువ అమెరికావే. టెక్సాస్‌లో కొత్త ఇల్లు కట్టించుకుంటున్న తెలుగు కుటుంబాలకు అవి సూటిగా పనికొస్తాయి. అక్కడ గోడ లోపల బోలు: కర్ర నిలువులు, వాటి మీద జిప్సం పలకలు. కేబుల్‌ను పైపు లేకుండానే నిలువులకు క్లిప్పులు కొట్టి దించవచ్చు. అందుకే అక్కడ ‘అసలు పైపు అవసరమా’ అన్నదే చర్చ. బోలు గోడలో నిప్పు కింది నుంచి పైకి పాకుతుంది కాబట్టి అంతస్తుకూ అంతస్తుకూ మధ్య చేసిన రంధ్రాన్ని మూయాలన్న నియమం గట్టిగా ఉంటుంది. సీఎంఆర్ అన్న ముద్ర ఉన్న కేబుల్ గురించి వాళ్లు మాట్లాడేదీ అందుకే. అంతస్తుల మధ్య నిలువుగా పోయే చోట మంట పాకకుండా పరీక్షించిన తొడుగు అది.

మన ఇటుక, కాంక్రీటు గోడలో పైపు సిమెంటులో పూడి ఉంటుంది. పైపు లేకుండా ప్లాస్టర్ కింద కేబుల్ పూడిస్తే మళ్లీ మార్చే దారే ఉండదు, కనుక ‘అవసరమా’ అన్న చర్చ మనకు లేదు. మంట పాకే బోలు కూడా లేదు. అయితే అపార్టుమెంట్లలో ఉండే షాఫ్టు మాత్రం అచ్చంగా ఆ బోలు లాంటిదే. 2016 జాతీయ భవన కోడ్ విద్యుత్ షాఫ్టులను ప్రతి అంతస్తు దగ్గర నిప్పు దాటని పదార్థంతో మూయమనేది అందుకే. అలాంటి చోట కాలినప్పుడు పొగ తక్కువ వచ్చే ఎల్ఎస్‌జెడ్‌హెచ్ తొడుగు కేబుల్‌కు అర్థముంది. గోడలో పూడిన పైపుకు అంత డబ్బు పెట్టడం కంటే లోపల నిజమైన రాగి ఉందో లేదో చూసుకోవడం ముఖ్యం. అల్యూమినియం మీద రాగి పూత వేసిన తీగలు క్యాట్ 6 పేరుతో చౌకగా అమ్ముడవుతున్నాయి. వాటి నిరోధం రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు, కెమెరాకు కరెంటు పంపితే ఎక్కువ వేడెక్కుతాయి, లాగుతుంటే త్వరగా తెగుతాయి.

డాబా మీద తెరిచిన మూతి

నిలువు పైపు పై చివర ఆకాశం వైపు తెరిచి ఉంటే వాన నీటికి అది కింది హాలులోని టీవీ బాక్సు దాకా నేరు దారి. ఈ పని చూసినవాళ్లు మూతిని కిందికి వంచుతారు. ఆ వంపు 180 డిగ్రీలు, అంటే లాగుడు లెక్కలో రెండు వంపులు. పిట్టగోడకు నీళ్లు చొరని బాక్సు బిగించి, తీగలు దాని అడుగు నుంచి లోపలికి వచ్చేలా పెడితే నీరూ ఆగుతుంది, లాగడానికి చోటూ దొరుకుతుంది. తీగను లోపలికి పంపే ముందు కాస్త కిందికి వేలాడనిస్తే దాని వెంట జారిన చుక్క అక్కడే రాలిపోతుంది. ఎండలో ఉండే ముక్కకు నల్లటి అవుట్‌డోర్ తొడుగు కేబుల్ కావాలి. ఇంటి లోపలి కేబుల్ తొడుగు మన ఎండకు పెళుసెక్కి పగులుతుంది.

పిడుగు సంగతి ఇంకాస్త క్లిష్టం. వేసవి చివర, తొలకరి ముందు మన దగ్గర పిడుగులు ఎక్కువ. దగ్గర్లో పడిన పిడుగు కూడా డాబా మీది తీగలో క్షణకాలం వేల వోల్టులు పుట్టించగలదు, ఆ నిలువు తీగే దాన్ని కింది రూటర్ దాకా తెస్తుంది. డిష్ కేబుల్ బయటి అల్లికను ఇల్లు చొరబడే చోటే ఎర్త్ చేయడం, కెమెరా తీగకు సర్జ్ ప్రొటెక్టర్ (హఠాత్తుగా ఎగసిన వోల్టేజీని ఎర్త్‌కు మళ్లించే పరికరం) పెట్టి దాన్నీ అదే ఎర్త్‌కు కలపడం నష్టాన్ని తగ్గిస్తాయి. నేరుగా మీద పడిన పిడుగును అవి ఆపలేవు. ఫైబర్ గాజు కాబట్టి విద్యుత్తును మోయదు. అయితే స్తంభం నుంచి వచ్చే కొన్ని ఫైబర్ కేబుళ్లలో బలం కోసం ఉక్కు తీగ ఉంటుంది, దాన్ని ఇంటి బయటే కోసేయాలి. డాబా మీది కెమెరాకు డేటాను ఫైబర్‌లో పంపినా కరెంటుకు రాగి తీగ పైకి వెళ్లక తప్పదు కనుక, ఆ దారిలో సర్జ్ ప్రొటెక్టర్ అవసరం ఫైబర్ వచ్చాక కూడా అలాగే ఉంటుంది.